పాల కేంద్రం లెక్కల ప్రోగ్రాం: టర్బో సీ నుంచి ఇప్పటిదాకా (ప్రాజెక్టు డైరీ)

ఎవరైనా వాళ్ళ ఊళ్ళో ఇలాంటిదే పెట్టుకోవాలనుకుంటే చూసి చేసుకోడానికి రాస్తున్నా. బీటెక్ సెకండియర్లో మినీ ప్రాజెక్టు కింద రాసిన ప్రోగ్రాంని ఉద్యోగంలో చేరాక మళ్ళీ మొదట్నుంచీ రాయాల్సొచ్చింది, మధ్యలో ఏవి ఎందుకు చెడ్డాయి, దేన్ని తీసి ఏది పెట్టాం అన్నదే ఇందులో ఉంటది. ఐడియా ఎలా వచ్చింది లాంటివి వదిలేస్తున్నా.

పని ఇదీ. మా పిన్ని ప్రకాశం జిల్లాలో మా ఊళ్ళో పాల కేంద్రం నడుపుద్ది. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. 62 మంది పోస్తారు, దాదాపు అన్నీ గేదె పాలే. కాటా మీద తూకం, మిషన్లో ఫ్యాట్, రెండూ పాస్‌పుస్తకంలో రాసివ్వాలి, పదిహేను రోజులకోసారి బిల్లు. రేటు కేజీ ఫ్యాట్ లెక్కన, అంటే పాలల్లో ఉన్న వెన్న బరువుకి డబ్బులు. ఇక్కడ లెక్కల కోసం కేజీ ఫ్యాట్ 760 రూపాయలు అనుకుందాం. 4.350 కేజీల పాలు, ఫ్యాట్ 6.8 శాతం అయితే వెన్న 0.2958 కేజీ, డబ్బులు 224.808 రూపాయలు. ఈ ఒక్క లెక్కే కింద మాటిమాటికీ వస్తది, గుర్తుపెట్టుకోండి.

దశ 0: కాలేజీ వెర్షన్

సామాను: డాస్‌బాక్స్‌లో టర్బో సీ++ 3.0 (సీ భాషకి డాస్ కాలం నాటి కంపైలర్), ల్యాబ్ మాన్యువల్, దాదాపు 600 లైన్ల కోడ్, మధ్యమధ్యలో క్లియర్ స్క్రీన్, చివర్లో గెట్‌చ్ (కీ నొక్కేదాకా ఆగేది).

1. స్ట్రక్చర్లో (ఒక రికార్డు గడులన్నీ కలిపి పెట్టేది) సభ్యుల నంబరు, పూట, తూకం, ఫ్యాట్.
2. ఎఫ్‌రైట్‌తో ఫైల్లోకి రాయడం.
3. ఫైల్ అయిపోయేదాకా ఎఫ్‌రీడ్‌తో చదివి బిల్లు కూడటం.

మొదటి దెబ్బ చాలామందికి తెలిసిందే, "ఫ్లోటింగ్ పాయింట్ ఫార్మాట్స్ నాట్ లింక్డ్" అని ప్రోగ్రాం చచ్చిపోవడం. స్ట్రక్చర్ల వరసలో ఫ్లోట్ (చుక్కతో రాసే అంకె) పెట్టి, చదవడానికి స్కాన్‌ఎఫ్ వాడితే టర్బో సీలో ఇది వస్తది. ఎక్కడో ఒక ఉత్తుత్తి ఫంక్షన్ రాసి అందులో ఫ్లోట్ పాయింటర్ ఒకటి పెడితే పోద్ది. ఎందుకు పోద్దో ల్యాబ్‌లో ఎవరూ అడగలా, సీనియర్ల రికార్డులోంచి ఆ నాలుగు లైన్లు అట్టాగే దిగాయి. కంపైలర్‌కి ఈ ప్రోగ్రాంలో ఫ్లోట్ చదివే పని ఉందని తెలిస్తేనే ఆ కోడ్‌ని లింక్ చేస్తది, ఉత్తుత్తి ఫంక్షన్ చేసేది ఆ సంగతి దానికి చెప్పడమే. ఇది చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

రెండోది, ఆఖరి మనిషి పాలు బిల్లులో రెండుసార్లు పడటం. "ఫైల్ అయిపోయిందా" అని అడిగే ఫంక్షన్ ఒకసారి చదవబోయి ఏమీ దొరక్కపోతేనే అయిపోయిందని చెప్తది, ముందే చెప్పదు. కాబట్టి ఆ ప్రశ్నని వైల్ లూప్ తలకాయలో పెడితే ఆఖరి రికార్డు ఇంకోసారి తిరుగుద్ది. సరైన పద్ధతి ఎఫ్‌రీడ్ ఎన్ని రికార్డులు చదివిందో చూసుకుని, ఒకటి కాకపోతే ఆగిపోవడం. మాన్యువల్లో మాత్రం తప్పు పద్ధతే అచ్చేసి ఉంది.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చినరోజు 1 నుంచి 5 దాకా నంబర్లతో ఐదు రికార్డులు ఎక్కించి చూపించాం, మార్కులు పడ్డాయి. తర్వాత అదే ప్రోగ్రాం పిన్ని దగ్గర పెట్టాం. పదిహేను రోజులయ్యాక బిల్లు కొడితే మొదటి పూటలో 25వ నంబరు దాకా వచ్చి ఆగిపోయింది. ఫైల్లో ఇంకా బోలెడు ఉంది, సైజు కనపడుతూనే ఉంది, ప్రోగ్రాం మాత్రం అయిపోయింది అంటది. అప్పుడు కనిపెట్టిన వైద్యం ఏంటంటే 26 నంబరు అత్తకి 63 నంబరు ఇవ్వడం. అది ఇంకొంచెం ముందుకెళ్ళి మళ్ళీ ఆగింది. సరిచేసిస్తానంటే పిన్ని దాదాపు రెండు నెలలు పాపం ఎక్కిస్తానే ఉంది, ఆ తర్వాత సెమిస్టర్ పరీక్షలొచ్చాయి, కంప్యూటర్ మీద గుడ్డ కప్పేశారు.

మొత్తం ఖర్చు: 0. లైన్లు: 610.

దశ 1: పాత ఫైల్ తవ్వకం

ఉద్యోగంలో చేరాక మొదట చేసింది కొత్త కోడ్ రాయడం కాదు, ఆ పాత డేటా ఫైల్ తెరవడం. మళ్ళీ రాసేముందు పాతది ఎందుకు ఆగిందో తెలియాలి కదా.

కొలతలు:

1. ఫైల్ సైజు 53,793 బైట్లు.
2. టర్బో సీలో ఇంట్ (చుక్క లేని అంకె, ఇక్కడ సభ్యుల నంబరు) 2 బైట్లు, క్యార్ (పూట) 1, ఫ్లోట్లు రెండు (తూకం, ఫ్యాట్) 8. రికార్డు 11 బైట్లు.
3. 53,793ని 11తో భాగిస్తే 3 మిగులుతుంది. సమంగా పోవాలి, పోలేదు.

ముందుగా ఆ స్ట్రక్చర్నే లైనక్స్‌లో జీసీసీతో కంపైల్ చేసి చదివితే అంతా చెత్త. ఇక్కడ ఇంట్ 4 బైట్లు, పైగా క్యార్ తర్వాత 3 బైట్లు ఖాళీ వదులుద్ది ఫ్లోట్‌ని నాలుగు గుణిజం మీద కూర్చోబెట్టడానికి, అంటే రికార్డు 16 బైట్లు. కోడ్ అక్షరం మారలా, ఫైల్ కొలత మారిపోయింది. స్ట్రక్చర్ని ఉన్నదున్నట్టు ఫైల్లోకి దించితే ఆ ఫైల్ ఆ కంపైలర్ సొత్తు, ఇంకోళ్ళు చదవలేరు. అందుకే పైథాన్‌లో 2, 1, 4, 4 అని బైట్ల లెక్క చెప్పి విప్పాల్సొచ్చింది.

అయినా కొన్ని రికార్డుల తర్వాత వరస జరిగిపోతంది. హెక్స్ డంప్ (ఫైల్‌ని బైటు బైటుగా చూపించేది) పెట్టుకుని చూస్తే జరిగిన చోటల్లా 10 అనే బైట్ ఉంది, దాని ముందు అక్కర్లేని 13 ఒకటి కూర్చుని ఉంది. అప్పుడు వెలిగింది. ఫైల్ తెరిచే ఎఫ్‌ఓపెన్‌లో "బి" (బైనరీ) అనే అక్షరం లేదు. బి లేకపోతే డాస్‌లో అది టెక్స్ట్ ఫైల్ కింద లెక్క, 10 అనే బైట్ రాస్తే లైను మారుతుందనుకుని ముందు 13 తగిలిస్తది. చదివేటప్పుడు 26 కనపడితే అది కంట్రోల్-జడ్, ఫైల్ అయిపోయిందని అర్థం. అంటే 26 నంబరు అత్త పాలు పోసినప్పుడల్లా ఫైల్ ముగిసిపోయేది. ఆవిడ నంబరు మార్చాక కూడా ఆగిందంటే ఎవరిదో తూకం తాలూకు ఫ్లోట్ బైట్లలో 26 పడి ఉంటది, అందుకు.

ఇక్కడ మంచి సంగతి ఒకటుంది. రాసేటప్పుడు ఏమీ పోలేదు. ప్రతి 10 ముందూ ఒక 13 కచ్చితంగా చేరింది కాబట్టి "13, 10" జంటల్ని "10"గా మారిస్తే అసలు ఫైల్ తిరిగొస్తది. అట్టాంటివి 223 దొరికాయి. 53,793లోంచి 223 తీస్తే 53,570, దాన్ని 11తో భాగిస్తే సరిగ్గా 4,870 రికార్డులు. పెన్నూ కాయితం మీద ఇది తేలిన రోజు రాత్రి నిద్ర పట్టలా.

ఐదు రికార్డులతో, ఒకటి నుంచి ఐదు నంబర్లతో పరీక్షిస్తే 10 ఎప్పుడొస్తది, 26 ఎప్పుడొస్తది? ల్యాబ్‌లో ప్రోగ్రాంకి ఆయుష్షు ఎంతంటే అవుట్‌పుట్ చూపించి గెట్‌చ్ దగ్గర ఎంటర్ కొట్టేదాకా. డేటా రేపటికి ఉండాలి, ఇంకో మిషన్లో తెరుచుకోవాలి అన్న ప్రశ్నే అక్కడ రాదు. అసలు పనంతా ఆ ఎంటర్ కొట్టాకే మొదలవుద్దని ఈ ఫైల్ దగ్గరే తెలిసింది.

ఇంకో చిన్న దెబ్బ. పాత ఫ్లోట్ తూకాల్ని గ్రాముల్లోకి మార్చాలి. ఫైల్లో 4.35 అని ఉన్నది నిజానికి 4.3499999046. వెయ్యితో గుణించి పైథాన్‌లో ఇంట్ చేస్తే 4349 వస్తది, 4350 కాదు. ఇంట్ అంటే దగ్గరి అంకెకి సవరించడం కాదు, చుక్క తర్వాతది కోసేయడం. రౌండ్ పెడితే సరిపోయింది.

మొత్తం ఖర్చు: 0. కొత్త కోడ్: 40 లైన్లు. దొరికిన రికార్డులు: 4,870.

దశ 2: కాటా, ఫ్యాట్ మిషన్ కలపడం

ఈసారి చేత్తో ఎక్కించడం వద్దు. కాటాకీ మిషన్‌కీ రెండింటికీ వెనక ఆర్‌ఎస్-232 పోర్టు ఉంది. పాత రాస్ప్‌బెర్రీ పై 3 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, ఇక మీదట "పై" అంటే ఇదే) ఒకటి, సీహెచ్340 చిప్పున్న యూఎస్‌బీ-సీరియల్ వైర్లు రెండు.

1. ముందు వేగం (సెకనుకి ఎన్ని బిట్లు) కనుక్కోండి. మాది 9600, 8 బిట్లు, పారిటీ లేదు, స్టాప్ బిట్ ఒకటి. వేగం తప్పితే స్క్రీన్ మీద పిచ్చి గుర్తులొస్తాయి, అసలేమీ రాకపోతే వైర్లు (పంపేది, అందుకునేది) అటూఇటూ మార్చి చూడండి.
2. కోడ్ రాయకముందే మినికామ్‌లో (పోర్టులోకి వచ్చేది స్క్రీన్ మీద చూపించే ప్రోగ్రాం) పెట్టి ఒక పూటంతా వచ్చేది చూడండి.
3. ఆర్‌ఎస్-232 వైరుని పై పిన్నులకి నేరుగా పెట్టొద్దు. దాని వోల్టేజీలు మైనస్‌లోకీ పోతాయి, పై పిన్నులు 3.3 వోల్టులకి మించి తట్టుకోవు.

కాటా ఆగకుండా తూకం పంపుతానే ఉంటది. మొదటి కోడ్ సీదాగా ఉంది, పోర్టులో ఏముంటే అది చదువు, నంబరు తీయి. రెండో పూటలో ఒకాయన 12.40 పోస్తే 2.40 అని ఎక్కింది. ఆయన స్క్రీన్ చూశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే పది కేజీల పాలు గాల్లో కలిసేవి. కారణం ఏంటంటే సీరియల్ పోర్టుకి లైను అనే సంగతే తెలియదు, బైట్లు వస్తా ఉంటాయి అంతే, మనం చదవడం మొదలెట్టినప్పుడు "1" అప్పటికే వెళ్ళిపోయింది, మిగతా "2.40" చేతికొచ్చింది. 2.40 అనేది కూడా చక్కటి తూకమే, అందుకే ఎక్కడా ఎర్రర్ రాలేదు.

మార్చింది:

1. పోర్టు తెరవగానే మొదటి లైను చివర దాకా పారేయడం.
2. లైను పొడవు సరిగ్గా ఉంటేనే తీసుకోవడం.
3. వరసగా ఐదు లైన్లు ఒకే తూకం చూపిస్తేనే ఖాయం చేయడం. క్యాన్ ఊగుతున్నప్పుడు వచ్చే అంకెలు కూడా దీనితోనే పోయాయి.

తర్వాతి వారం పిన్ని ఫోన్. "ఒరే, నాలుగు కేజీలు పోస్తే ఆరు కేజీల ఎనిమిదొందలు అంటందిరా, ఫ్యాటేమో నాలుగు పాయింట్ మూడు అంట. గేదె పాలకి నాలుగేందిరా, నవ్వుతన్నారు జనం."

అంకెలు చూస్తే తెలుస్తానే ఉంది, తూకం ఫ్యాట్ గడిలో, ఫ్యాట్ తూకం గడిలో పడ్డాయి. కరెంటు పోయి వచ్చాక లైనక్స్ ఆ రెండు వైర్లకీ పేర్లు తారుమారుగా ఇచ్చింది, సున్నా నంబరుది ఒకటైంది, ఒకటోది సున్నా అయింది. ముందు కనపడిందానికి ముందు పేరు, దానికి ఏది కాటాయో ఏం తెలుసు. మా సీహెచ్340 వైర్లలో విడివిడి సీరియల్ నంబర్లు లేవు కాబట్టి ఐడీని బట్టి గుర్తుపట్టడం కుదరదు. పోర్టు దారిని బట్టి ("బై-పాత్" ఫోల్డర్లో ఉండే పేరు) పట్టుకోవాలి, అంటే ఏ యూఎస్‌బీ కన్నంలో ఏ వైరో ఖాయం. కన్నాల పక్కన పెయింటుతో "కా", "ఫ్యా" అని రాశాం.

దీనికన్నా పెద్ద మార్పు కోడ్‌లో జరిగింది. "లైన్లో మొదటి నంబరు తీసుకో" అన్నది పీకేసి, కాటా లైను ఇట్టా ఉండాలి, మిషన్ లైను అట్టా ఉండాలి అని కచ్చితమైన నమూనా పెట్టాం. మా మిషన్ ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలల్లో వెన్న కాకుండా ఉండే మిగతా ఘనపదార్థం), ఉష్ణోగ్రత వరసగా పంపుద్ది, కాటా ఒక్క తూకమే. సరిపోకపోతే ఎర్ర స్క్రీన్, ఎక్కదు. కాలేజీలో ఇన్‌పుట్ ఎప్పుడూ "ఎంటర్ ది నంబర్" అంటే నంబరే వస్తది. ఇక్కడ అట్టా రాదు, వచ్చినా అది మనక్కావల్సిన నంబరని నమ్మకం లేదు.

మొత్తం ఖర్చు: పై 2,200 + వైర్లు 700 + కనెక్టర్లు 180 = 3,080. లైన్లు: 170.

దశ 3: గడియారం

ఇది ఎవరూ ముందు ఊహించరు. పై 3లో బ్యాటరీ గడియారం లేదు. ఆపేటప్పుడు టైము ఒక ఫైల్లో రాసుకుని, మళ్ళీ వెలిగినప్పుడు అక్కణ్ణుంచే మొదలెడుద్ది, ఇంటర్నెట్ దొరికాక సరిచేసుకుంటది. మా ఊళ్ళో పొద్దున్నే ఐదున్నరకి నెట్ ఉండదు. దాంతో పొద్దున పాలన్నీ నిన్న రాత్రి ఎనిమిదింటి పాలుగా ఎక్కాయి, సాయంత్రం పూట రెట్టింపు, పొద్దున పూట సున్నా. మొత్తం లీటర్లు సరిపోతన్నాయి కాబట్టి మొదట ఎవరూ పట్టించుకోలా, కేంద్రం మొత్తం చూసేవాళ్ళకి తేడా కనపడదు, పాస్‌పుస్తకం చూసేవాళ్ళకే కనపడుద్ది.

1. డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టాం. 2 పీపీఎం ఖచ్చితత్వం అంటే ఏడాదికి నిమిషం తేడా, చాలు.
2. దానికి 3.3 వోల్టులే ఇవ్వాలి. 5 ఇస్తే ఐ2సీ లైన్ల (మాడ్యూల్‌నీ పైనీ కలిపే వైర్లు) మీదా 5 వచ్చి పై పాడైద్ది.
3. కాన్ఫిగ్ ఫైల్లో ఆర్‌టీసీ (గడియారం చిప్పు) ఓవర్‌లే లైను చేర్చడం, టైముని ఫైల్లో రాసుకునే ఉత్తుత్తి గడియారం ప్యాకేజీ తీసేయడం.
4. ఇప్పటి టైము ఆఖరి రికార్డు టైము కన్నా వెనక ఉంటే ప్రోగ్రాం మొదలవదు.
5. పూట మొదలవగానే తారీకు, పూట పెద్ద అక్షరాల్లో చూపించి పిన్నిని నొక్కమంటది.

నాలుగోది లేకపోతే మొదటి మూడూ ఉన్నా లాభం లేదు, ఆ బ్యాటరీ కూడా ఏదో ఒకరోజు అయిపోద్ది కదా.

మొత్తం ఖర్చు: 3,270.

దశ 4: డబ్బులు

ఇది ఆఫీసులో నేర్చుకున్నది. అక్కడ మొదటి కోడ్ రివ్యూలోనే సీనియర్ ఒక లైను కింద "డబ్బు ఫ్లోట్‌లో పెట్టొద్దు" అని రాసి వదిలేశాడు, ఎందుకో రాయలా. ఎందుకో ఇంటికొచ్చి పిన్ని లెక్కల మీద చేసి చూసుకుంటే తెలిసింది.

పైథాన్ రౌండ్‌కి సరిగ్గా సగం వస్తే అది సరి సంఖ్య వైపు పోద్ది. 22480.5ని రౌండ్ చేస్తే 22480, 22481.5ని చేస్తే 22482. బ్యాంకుల్లో వాడతారంట బానే ఉంది, పిన్ని మాత్రం అర పైసా వస్తే పైకే వేస్తది, ఊరంతా అంతే. పైగా 2.675ని రెండు స్థానాలకి రౌండ్ చేస్తే 2.68 కాకుండా 2.67 వస్తది, ఎందుకంటే ఫ్లోట్‌లో అది 2.675 కన్నా వీసమెత్తు తక్కువ.

కాబట్టి ఫ్లోట్ మొత్తం తీసేశాం:

1. తూకం గ్రాముల్లో: 4350.
2. ఫ్యాట్ పదో వంతుల్లో: 68.
3. రేటు రూపాయల్లో: 760.
4. మూడూ గుణిస్తే 22,48,08,000. దానికి 5,000 కలిపి 10,000తో భాగించి శేషం వదిలేస్తే 22,481 పైసలు. అంటే 224.81.

దీన్నే ఆర్డుయినో మీద చేద్దామనుకునేవాళ్ళు ఆగండి. ఉనో ఆర్3 బోర్డులో ఇంట్ 16 బిట్లే, మా టర్బో సీ లాగానే 32,767 దాటదు. 4350ని 68తో గుణిస్తే 2,95,800 రావాలి, 16 బిట్లలో మైనస్ 31,880 వస్తది. 32 బిట్లు తీసుకున్నా చాలదు. 40 కేజీల క్యాన్, ఫ్యాట్ 7.5 అనుకోండి, మూడూ గుణిస్తే 228 కోట్లు, 32 బిట్ల హద్దు 214 కోట్ల చిల్లర. రోజూ నాలుగైదు కేజీలు పోసేవాళ్ళతో ఎన్నాళ్ళు పరీక్షించినా ఇది బయటపడదు, పెళ్ళికో పేరంటానికో ఎవరో పెద్ద క్యాన్ తెచ్చినరోజు పడుద్ది. 64 బిట్లు వాడండి. పైథాన్‌కి ఈ గొడవ లేదు, మేం వాడే డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌లో ఇంటిజర్ 64 బిట్ల దాకా పట్టుద్ది.

టూస్ కాంప్లిమెంట్ (మైనస్ అంకెల్ని బిట్లలో రాసే పద్ధతి) ఫస్టియర్లో బట్టీ పట్టిందే. ఆ మైనస్ 31,880 ఎక్కణ్ణుంచి వచ్చిందో కాయితం మీద చేసుకోగలిగానంటే ఆ చదువు పుణ్యమే, కాలేజీలో ఏమీ నేర్పలేదంటే నేనొప్పుకోను.

ఇంక రౌండింగ్ ఎప్పుడు చేయాలి? పదిహేను రోజులకి 30 పూటలు. ఒక్కో స్లిప్పుకీ అర పైసా దాకా తేడా, అంటే బిల్లులో ఎక్కువలో ఎక్కువ 15 పైసలు. 15 పైసల కోసం ఎవరూ కొట్టుకోరు, కానీ పాస్‌పుస్తకంలో ఉన్న 30 అంకెలూ కూడితే బిల్లులో అంకె రాకపోతే మాత్రం కొట్టుకుంటారు, కూడి చూసేవాళ్ళు ప్రతి వీధిలో ఒకరుంటారు. అందుకని ప్రతి స్లిప్పునీ అప్పుడే రౌండ్ చేసి పైసల్లో దాచేస్తాం, బిల్లు అంటే ఉత్త కూడిక, మళ్ళీ లెక్క కట్టడం లేదు.

ఇట్టా దాచడం వల్ల ఇంకోటి కూడా తీరింది. మొదట స్లిప్పులో తూకం, ఫ్యాట్ మాత్రమే ఉంచి బిల్లు కొట్టేటప్పుడు రేటు వేసేది. పాల డెయిరీ వాళ్ళు నెల మధ్యలో రేటు పెంచితే పాత బిల్లులు కూడా పెరిగి కూర్చున్నాయి. ఇప్పుడు రేట్ల పట్టికలో ఏ తారీకు ఏ పూట నుంచి ఏ రేటు అని ఉంటది, స్లిప్పు మీద మాత్రం అప్పటి డబ్బు రాసేసి ఉంటది.

పరీక్ష కోసం పాత పాస్‌పుస్తకాల్లోంచి 30 అంకెలు ఏరి ఒక ఫైల్లో పెట్టాం, కోడ్‌లో ఏది ముట్టుకున్నా ముందు అవి సరిపోవాలి.

లైన్లు: 240.

దశ 5: ఎస్‌క్యూలైట్, కరెంటు

"ఆసిడ్ ప్రాపర్టీస్ రాయుము", డీబీఎంఎస్ పేపర్లో మాకు ఖాయంగా వచ్చే ప్రశ్న. అటామిసిటీ, కన్సిస్టెన్సీ, ఐసొలేషన్, డ్యూరబిలిటీ, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. డ్యూరబిలిటీ (రాశామన్నది కరెంటు పోయినా పోకపోవడం) అంటే ఏంటో ఈ దశలో కళ్ళతో చూశాం.

పాత 4,870 రికార్డులు ఎక్కించేటప్పుడు ఒక్కోదానికి ఒక కమిట్ (రాసింది ఖాయం చేయడం). మెమరీ కార్డు మీద కమిట్‌కి సుమారు 30 మిల్లీసెకన్లు, మొత్తం రెండున్నర నిమిషాలు దాకా. ఇది నచ్చక వెతికితే సింక్రనస్ ఆఫ్ పెట్టమని చాలాచోట్ల సలహా ఉంది, పెడితే రివ్వున పోయింది. అది అట్టాగే ఉండిపోయింది, సాయంత్రం పూట మధ్యలో కరెంటు పోయింది, వచ్చాక డేటాబేస్ "మాల్‌ఫార్మ్డ్" అంది. కమిట్‌కి పట్టే ఆ 30 మిల్లీసెకన్లూ కార్డు మీదకి నిజంగా చేరిందాకా ఆగడానికి. ఆఫ్ చేస్తే రాశామని చెప్తది, రాసి ఉండదు.

1. సింక్రనస్ ఫుల్. మనిషికీ మనిషికీ మధ్య పది సెకన్లు పడుతుంటే 30 మిల్లీసెకన్లు ఎవరిక్కావాలి.
2. ఎక్కువ వరసలు ఒకేసారి ఎక్కించాలంటే మొత్తం ఒకే ట్రాన్సాక్షన్లో. 4,870 రికార్డులూ సెకను లోపల ఎక్కాయి, సింక్రనస్ ముట్టుకోకుండానే.
3. పట్టికలు స్ట్రిక్ట్ కింద చేయడం. ఎస్‌క్యూలైట్ మామూలుగా ఇంటిజర్ గడిలో "4.350" ఇస్తే 4.35గా దాచేస్తది, అక్షరాలిచ్చినా దాచేస్తది, కిక్కురుమనదు. స్ట్రిక్ట్ పెడితే ఒప్పుకోదు. 2021లో వచ్చిన 3.37 వెర్షన్ నుంచి ఉంది, పాత పై మీద ముందు వెర్షన్ చూసుకోండి.
4. ఫ్యాట్ 2కీ 12కీ మధ్య ఉండాలని, తూకం సున్నా కన్నా ఎక్కువుండాలని చెక్ షరతులు.
5. పైకి చిన్న యూపీఎస్.

బ్యాకప్ సంగతి. రోజూ రాత్రి ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టేది ఒకటి పెట్టాం. ఒకసారి ఆ కాపీని లాప్‌టాప్‌లో తెరిచి చూస్తే బానే తెరుచుకుంది, కానీ ఆ సాయంత్రం పూటే లేదు. వాల్ మోడ్‌లో కొత్తగా రాసినవి పక్కనుండే వాల్ ఫైల్లో ఉంటాయి, అసలు ఫైల్ ఒక్కటీ కాపీ కొడితే అవి రావు. ఎస్‌క్యూలైట్‌లోనే బ్యాకప్ కమాండ్ ఉంది, అది వాడాలి. ఇప్పుడు బ్యాకప్ అయ్యాక అదే స్క్రిప్టు ఆ కాపీని తెరిచి, ఈరోజు రెండు పూటల మొత్తాలూ తీసి, అసలుతో సరిపోతేనే పచ్చ గుర్తు పెడుద్ది. పెన్‌డ్రైవ్‌లు రెండు, రోజు మార్చి రోజు, ఒకటి ఎప్పుడూ ఇంట్లో బీరువాలో.

మొత్తం ఖర్చు: 3,270 + యూపీఎస్ 1,300 + పెన్‌డ్రైవ్‌లు 800 = 5,370. లైన్లు: 390.

దశ 6: తెలుగులో స్లిప్పు

58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్. అడ్డంగా 384 చుక్కలు, మిల్లీమీటరుకి 8, అంటే అచ్చు పడేది 48 మిల్లీమీటర్లే. మా ప్రింటర్లో తెలుగు అక్షరాలు లేవు, బొమ్మ గీసి పంపాల్సిందే.

పైథాన్‌లో బొమ్మలు గీసే పిల్లో లైబ్రరీతో నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెట్టి గీస్తే "ఫ్యాట్" అన్నది ఫ పక్కన పొల్లు, దాని పక్కన య విడివిడిగా వచ్చింది. ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. ఫాంట్ తప్పు కాదు. ఒత్తుని కిందకి చేర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తది, పిల్లో దాన్ని రాక్మ్ అనే లైబ్రరీ ద్వారా వాడుకుంటది, అది లేకపోతే మాట్లాడకుండా ఒక్కో గుర్తునీ పక్కపక్కన పేర్చేస్తది. రాక్మ్ ఉందో లేదో పిల్లో ఫీచర్స్‌లో అడిగి చూసుకుని, లేకపోతే అసలు ప్రింట్ మొదలవకుండా ఆపండి.

తర్వాత వేగం. స్లిప్పు ఎత్తు 400 లైన్లు, లైనుకి 48 బైట్లు, మొత్తం 19,200 బైట్లు. సీరియల్లో 9600 దగ్గర సెకనుకి 960 బైట్లు పోతాయి, అంటే స్లిప్పుకి 20 సెకన్లు. వరసలో జనం నిలబడి చూస్తన్నారు. యూఎస్‌బీకి మార్చాక ప్రింటర్ ఎంత వేగంగా కొట్టగలదో అంత.

అక్షరం ఎత్తు 24 చుక్కలు పెడితే 3 మిల్లీమీటర్లు, ముసలోళ్ళకి ఆనలా. 32 చేశాం. కేంద్రం పేరు, ధన్యవాదాలు అన్నీ తీసేసి నంబరు, తూకం, ఫ్యాట్, డబ్బు నాలుగే ఉంచాం. థర్మల్ కాయితం మీద అచ్చు కొన్నాళ్ళకి వెలిసిపోద్ది కాబట్టి పాస్‌పుస్తకంలో చేత్తో రాయడం మానలేదు, మానొద్దు కూడా.

మొత్తం ఖర్చు: 5,370 + 2,400 = 7,770. లైన్లు: 510, కాలేజీ వెర్షన్ కన్నా వంద తక్కువ.

దశ 7: నోటుపుస్తకంతో పోలిక

ఒక బిల్లు మొత్తం రెండూ నడిపాం, పిన్ని పుస్తకం ఒకవైపు, ప్రోగ్రాం ఒకవైపు. 62 బిల్లుల్లో 47 పైసాతో సహా కలిశాయి. కలవని 15 ఇవీ:

1. 9: పుస్తకంలో కూడిక తేడాలు.
2. 4: విరిగిపోయి వెనక్కిచ్చేసిన పాలు. పిన్ని పుస్తకంలో ఎర్ర పెన్నుతో కొట్టేసింది, ప్రోగ్రాంలో కొట్టేసే దారే లేదు.
3. 2: సొంత క్యాన్‌తో కాటా మీద పెట్టేవాళ్ళు, క్యాన్ బరువు తీయకుండా ఎక్కింది.

మూడోదానికి క్యాన్ బరువు సభ్యుల పట్టికలో చేర్చాం. రెండోదానికి మొదట డిలీట్ బటన్ పెడదామనుకుంటే పిన్ని ఒప్పుకోలా. "తీసేస్తే ఎట్టారా, ఆమె వచ్చి నేను పోశాను కదా అంటే ఏం చూపియ్యను? కొట్టేసినట్టు కనపడాలి." ఆఫీసులో లెడ్జర్ టేబుల్ మీద అప్‌డేట్, డిలీట్ హక్కులు ఎవరికీ ఇవ్వరు, దాని వెనక సంగతి ఇదే. అందుకని కొట్టివేత అంటే అదే స్లిప్పుకి మైనస్‌తో ఇంకో వరస, కారణంతో సహా. తూకం సున్నా కన్నా ఎక్కువుండాలన్న దశ 5 షరతు దీనికోసం మార్చాల్సొచ్చింది, మామూలు వరసకి ప్లస్, కొట్టివేత వరసకి మైనస్, వేరే ఏదైనా తిప్పికొట్టు.

ఇప్పుడున్న పెండింగ్

పాల డెయిరీ వాళ్ళు ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా కలిపిన రేటు చార్టు ఇస్తామంటన్నారు. అది గుణకారం కాదు, పెద్ద పట్టిక, ఫ్యాట్ నిలువునా, ఎస్‌ఎన్‌ఎఫ్ అడ్డంగా. దశ 4లో ఉన్న లెక్క ఫంక్షన్ తీసి పట్టికలో చూసేది పెట్టాలి, 30 అంకెల పరీక్ష ఫైల్‌కి తారీకు గడి ఒకటి చేర్చాలి. మిషన్ ఎస్‌ఎన్‌ఎఫ్ మొదట్నుంచీ పంపుతున్నా మనం పారేస్తన్నాం, దాన్ని దాచే గడి ఈ ఆదివారమే పెట్టేశా. పాత స్లిప్పుల మీద డబ్బు రాసే ఉంది కాబట్టి వాటిని ముట్టుకునే పని లేదు. చార్టు ఎక్సెల్‌లో ఇస్తారా కాయితం మీద ఇస్తారా అన్నది తేలాలి, కాయితమైతే ఎక్కించే పని పిన్నిదీ నాదీ.